అన్నపూర్ణ అంటారు కదా మన గోదావరి డెల్టాని, మరి పిల్లలెందుకండీ గిడసబారిపోతున్నారు?

లంకమాస్టారు (రాజోలు వైపు)
అందరికీ నమస్కారమండి. ఏటవతల ఒక లంక ఊళ్ళో ప్రైమరీ స్కూల్లో పనిచేస్తాను. పోయిన వారం ఒకటో తరగతి పిల్లలకి ఎత్తు బరువు చూసి రాయాల్సొచ్చింది, గోడకి టేపు అంటించి ఒక్కొక్కణ్ణీ నిలబెట్టేను. ఇద్దరు మగపిల్లలు, పుట్టిన తేదీల్లో పదకొండు రోజులే తేడా, ఇద్దరికీ ఐదు నిండి నెల కూడా కాలేదు. ఒకడు 112 సెంటీమీటర్లు, రెండోవాడు 98. టేపు జారిందేమో అని మళ్ళీ కొలిచేను, 98 ఏ. పక్కపక్కన నిలబడితే అన్నాతమ్ముళ్ళనుకుంటారు చూసినోళ్ళు.

ఇంటికొచ్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టు చూసేను. ఐదేళ్ళ మగపిల్లాడికి మధ్య గీత 110, అదే 100.7 కంటే కిందకి పోతే గిడసబారినట్టు లెక్కంట. ఒకడు ఊళ్ళో పిల్లాడు, ఒకడు పేట పిల్లాడు.

ఇక్కడ ఏం తక్కువండీ? ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ కాలవ నీళ్ళు, సార్వా దాళ్వా రెండు పంటలు, దొడ్లో కొబ్బరి, అరటి, ఏట్లో చేప. అయినా రాష్ట్రం మొత్తానికి ఐదేళ్ళలోపు పిల్లల్లో 31.2 శాతం గిడసబారినోళ్ళే అని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది, దాని ముందు 2015-16లో 31.4, అంటే మధ్యలో ఇన్నేళ్ళు గడిచినా తగ్గింది సున్నా పాయింట్ రెండు! పేదరికం అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకండి దయచేసి, పేదరికమే అయితే అది పిల్లాడి ఎముకల్లోకి ఏ దారిన పోతోందో అది చెప్పండి నాకు.

భీమారం బుల్లోడు
మాస్టారూ ఊరికే కంగారు పడకండి. మా తాత ఐదడుగులు, మా నాన్న ఐదూ రెండు, నేను ఐదూ నాలుగు, ముగ్గురం వడ్ల బస్తా భుజాన వేసుకుని లారీ ఎక్కించినోళ్ళమే ఆయ్. తెల్లోళ్ళ కొలతలు పట్టుకొచ్చి మన పిల్లల్ని పొట్టోళ్ళంటే ఎలాగండి. జీన్స్ అండి జీన్స్, తొడుక్కునేవి కాదు.

లెక్కలపిచ్చి
బుల్లోడు గారూ అవి తెల్లోళ్ళ కొలతలు కావు. 1997 నుంచి 2003 దాకా ఆరు దేశాల పిల్లల్ని కొలిచేరు, బ్రెజిల్, ఘనా, ఒమన్, నార్వే, అమెరికా, ఆరోది మన ఇండియానే, దక్షిణ ఢిల్లీ పిల్లలు. తల్లిపాలు తాగి, పొగతాగే అలవాటు లేని తల్లులకి పుట్టి, ఇంట్లో తిండికి ఇబ్బంది లేనోళ్ళని ఏరుకుని కొలిస్తే ఐదేళ్ళ లోపు అందరూ ఇంచుమించు ఒకే గీత మీద పెరిగేరు. దాన్ని బట్టే 2006లో చార్టు వచ్చింది.

ఇంకోటి, మీ వాదనకి మీ ఇల్లే అడ్డం. తాత ఐదు, నాన్న ఐదూ రెండు, మీరు ఐదూ నాలుగు. జీన్స్ అయితే మధ్యలో ఆ నాలుగంగుళాలు ఎక్కణ్ణుంచి వచ్చేయండీ?

"పొట్టిగా ఉంటేనేం, ఆరోగ్యంగానే ఉన్నారు కదా" అనే మాట కూడా పాతదే, 1980ల్లో డేవిడ్ సెక్లర్ అనే అమెరికా ఆర్థికవేత్త అన్నాడు. మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థని నడిపిన డాక్టర్ గోపాలన్ గారు దాన్ని గట్టిగా తిప్పికొట్టేరు.

భీమారం బుల్లోడు
అమ్మ బాబోయ్, ఇంటి కొలతలు చెప్పి ఇరుక్కున్నాను. మా అబ్బాయి ఐదూ తొమ్మిది, అదీ చెప్పేస్తున్నాను, తర్వాత మళ్ళీ దొరికిపోకుండా.

సిస్టరమ్మ (కోనసీమ)
ఇరవై ఏళ్ళు దాటింది నేను ఊళ్ళల్లో నర్సుగా తిరగబట్టి, కాస్త పొడుగవుద్ది, ఓపిగ్గా చదవండి.

మాస్టారు కొలిచింది ఐదేళ్ళప్పుడు, కానీ ఆ 14 సెంటీమీటర్లు స్కూల్లో పోయినవి కావు. కడుపులో 270 రోజులు, బయటికొచ్చాక రెండేళ్ళు, అంటే 730, కలిపితే వెయ్యి. పోయేదాంట్లో ఎక్కువ భాగం ఆ వెయ్యి రోజుల్లోనే పోద్ది. ఇంకా అడిగితే అమ్మకి పెళ్ళి కాకముందే మొదలవుద్ది. మన రాష్ట్రంలో 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయిపోయింది, ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత, ఇవీ ఆ సర్వేలోవే. పదిహేడేళ్ళ పిల్ల, తనే ఇంకా పెరగాల్సిన పిల్ల, 145 సెంటీమీటర్ల లోపుంటుంది, దాని కడుపులో ఇంకో పిల్ల. ఉన్న తిండి ఇద్దరూ పంచుకోవాలి. పైగా ఇంట్లో పెద్దోళ్ళు "ఎక్కువ తినకే, బిడ్డ పెద్దదైపోయి కాన్పు కష్టమవుద్ది" అంటారు. ఈ మాట నేను పేటలోనూ విన్నాను, మేడల్లోనూ విన్నాను. రెండు కేజీల వంద గ్రాముల బిడ్డ పుడితే "చిన్నగా పుట్టింది, సుఖంగా అయిపోయింది" అని సంబరం.

ఐరన్ బిళ్ళలు 180 ఇస్తాం. విరోచనం నల్లగా అవుతోందని, వికారమని పరుపు కింద పెట్టేస్తారు, వేసుకునేవాళ్ళు టీతో వేసుకుంటారు, టీతో వేసుకుంటే ఒంటికి పట్టదు. ఆ బిళ్ళలో ఐరన్ పక్కనే ఉండే ఫోలిక్ యాసిడ్ ఉంది చూడండి, దాన్ని అమెరికాలో లెడర్లీ కంపెనీలో తయారుచేయించింది ఎల్లాప్రగడ సుబ్బారావు గారు, 1895లో భీమవరంలోనే పుట్టేరు. బుల్లోడు గారూ మీ ఊరాయన కనిపెట్టిన బిళ్ళ మీ ఊళ్ళోనే పరుపు కింద ఉందండి.

ఇక బిడ్డ పుట్టేక ఆరు నెలలు తల్లిపాల మీద బానే ఉంటాడు. ఆరో నెల దాటేక చూడండి గీత పడిపోవడం. ఉగ్గు పెడతారు, కానీ చారునీళ్ళలా కలుపుతారు, బియ్యం ఎక్కువ, పెసరపప్పు పేరుకి, నెయ్యో నూనో చుక్క ఉండదు. చెంచా వంచితే జారిపోకూడదు ఉగ్గు, అంత గట్టిగా ఉండాలి. చిన్న పొట్ట కదా, దాన్ని నీళ్ళతో నింపేస్తే ఇంకేం పడుద్ది. గుడ్డు పెట్టమ్మా అంటే ఏడాది దాటనీయండి అరగదు అంటారు. అదే నోటికి టీలో ముంచిన బిస్కెట్టు మాత్రం అరుగుద్దంట!

కాకినాడ ఆడపడుచు (ఇప్పుడు హైదరాబాద్)
చదువుతుంటే చెమటలు పట్టేయి. మా పాపకి మొన్న మూడు నిండేయి, 87 సెంటీమీటర్లు. డాక్టరు గారు కింద గీత 87.4 అని చూపించి "కాస్త కిందుంది" అన్నారు, నేను మా అత్తయ్య గారి మీద కోపం తెచ్చుకుని ఇంటికొచ్చేసాను, ఆవిడ పొట్టి కదా అని. ఇద్దరం సాఫ్ట్‌వేర్, డబ్బుకి లోటు లేదు. పాప పగలు ఆరు సీసాల పాలు తాగుద్ది, ఫోను చూపిస్తే నాలుగు ముద్దలు, లేకపోతే ప్యాకెట్ చిప్స్. ఇది పేదోళ్ళ జబ్బనుకున్నాను నేను.

లెక్కలపిచ్చి
మీరొక్కరే కాదండి. దేశం మొత్తం మీద బాగా పేదోళ్ళ ఐదో వంతు ఇళ్ళలో గిడసబారిన పిల్లలు 46 శాతం, బాగా ఉన్నోళ్ళ ఐదో వంతులో కూడా 23 శాతం. అంటే డబ్బుతో సగం తగ్గింది, మిగతా సగం తగ్గలేదు. ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు పిల్లల్లో సరిపడా తిండి అందేది దేశంలో 11.3 శాతానికే, ఉన్నోళ్ళు కూడా ఆ మిగతా 88లోనే ఉన్నారు.

పేట కుర్రోడు
మాస్టారు మొదటి పోస్టులో "ఒకడు పేట పిల్లాడు" అని టక్కున ఆగిపోయేరు. ఏ పేటో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. నేనంటాను, మాది ఎస్సీ పేట. సర్వేలో కూడా ఉంది, దేశంలో ఎస్సీ ఎస్టీ పిల్లల్లో గిడసబారినోళ్ళు నూటికి దాదాపు 40, ఏ రిజర్వేషనూ లేని కులాల్లో 30. డెల్టా అంతా పచ్చగా ఉందంటారు, ఆ పచ్చదనంలో మా పేరు మీద సెంటు లేదు. మా నాన్న కౌలు. పంట పోయినా పండినా కౌలు బస్తాలు ఇచ్చెయ్యాల్సిందే, మిగిలింది షావుకారికి. మా అమ్మ ఊడ్పులప్పుడు తెల్లారకుండానే వెళ్ళి మధ్యాహ్నం మూడింటికొచ్చేది, మా చెల్లి నా చంకలో ఉండేది, నాకప్పుడు ఏడేళ్ళు. నేను దానికి ఏం పెట్టేనో తెలుసా, గంజిలో ఉప్పు. అదొక్కటే నాకు వచ్చిన వంట. ఇప్పుడు దాని ఎత్తు నాలుగడుగుల ఎనిమిది.

అన్నట్టు మాకు పడ్డ స్థలాలు కూడా మురుగు కాలవ పక్కనే, బల్లకట్టు రేవు కంటే పల్లం. వానాకాలం లెట్రిన్ గుంటలోది కాలవలోకి, కాలవలోది వాకిట్లోకి. నెలకో విరోచనాల రౌండు.

లంకమాస్టారు
తప్పేనండి, ఆగిపోయేను. రాయాల్సింది.

చెరువుగట్టు (ఆకివీడు దగ్గర)
నాది రొయ్యల చెరువు, ఇప్పుడు అందరూ నన్నే తిట్టుకుంటారని తెలిసే రాస్తున్నా. మా వైపు బోరు నీళ్ళు ఎప్పట్నుంచో ఉప్పే, చెరువులొచ్చేక ఇంకా ఎక్కువైందనేది కాదనలేను. వేసవిలో కాలవలు కట్టేస్తే ఊరి మంచినీళ్ళ చెరువులో అడుగు నీళ్ళు, ఉన్నోళ్ళం టిన్ను కొనుక్కుంటాం, లేనోళ్ళు అవే తాగుతారు. అది ఒకటి.

రెండోది నేను రోజూ చూసేది. చెరువు కాపలాకి కుటుంబాల్ని పెట్టుకుంటాం, శ్రీకాకుళం నుంచీ ఒడిశా నుంచీ వస్తారు, గట్టు మీదే రేకుల షెడ్డు. అక్కడికి అంగన్‌వాడీ రెండు కిలోమీటర్లు, రేషను ఊళ్ళో, పిల్ల ఏ రిజిస్టర్లోనూ ఉండదు. చుట్టూ టన్నులకి టన్నులు రొయ్య, ఆ రొయ్య ఐసు పెట్టెలో అమెరికా పోద్ది, గట్టు మీద పిల్ల పచ్చడన్నం తింటది. చెరువులో రొయ్య పట్టే రోజున రెండు గుప్పెళ్ళు ఇస్తాం అనుకోండి. వాళ్ళమ్మ ఏమో నాలుగింటికే రొయ్యలు ఒలిచే పీలింగ్ షెడ్డుకి వ్యాన్లో పోద్ది.

భీమారం బుల్లోడు
చెరువుగట్టు గారూ మీరూ మావాళ్ళే. తిట్టను గానీ ఆ పిల్ల పేరు ఏదో సెంటర్లో రాయించండి.

చెరువుగట్టు
అడిగాను. ఆధార్ వాళ్ళ ఊరిది అన్నారు. మళ్ళీ అడుగుతా.

ఉప్పాడ కెరటం
మా గంగపుత్రుల సంగతి కూడా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, ఆ రెండు నెలలూ అప్పు మీద బతుకు, ఎనిమిది నెలల పిల్లాడికి 61 రోజులంటే ఎంతో లెక్కేసుకోండి. మిగతా రోజుల్లో మంచి చేపంతా వేలంపాటకి పోద్ది. అయితే ఒకటి చెప్పాలి, మా అమ్మమ్మ మెత్తళ్ళు అనే చిన్న చేపలు ఎండబెట్టి దంచి ఆ పొడి అన్నంలో కలిపి నెయ్యేసి చిన్నపిల్లలకి పెట్టేది, ముల్లుతో సహా పొట్టలోకి పోయేది. ఇప్పుడు ఎండుచేప వాసనని మా కోడళ్ళే మానేసేరు. (చీరమేను అనే బుల్లి చేప సంగతి ఎత్తకండి, గ్లాసు రేటు వింటే కళ్ళు తిరుగుతాయి.)

లెక్కలపిచ్చి
రెండు మూడు విషయాలు కలిపి రాస్తున్నా.

ఒకటి, "జిల్లా సగటు" నమ్మకండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టేదాకా అమలాపురం, రంపచోడవరం రెండూ తూర్పుగోదావరే. సర్వే అప్పటిదే. కొబ్బరితోటనీ ఏజెన్సీ కొండనీ కలిపి ఒక అంకె వేస్తే అది ఏ ఊరిదీ కాదు. డెల్టాలోనే కాలవ తల దగ్గర ఊరికీ చివరాయకట్టు ఊరికీ ఎంత తేడా ఉంటుందో మాస్టారి టేపే చెప్పింది.

రెండు, పేట కుర్రోడు రాసిన మురుగు సంగతి. అదొక్కటే కారణం అని ఒకప్పుడు నేనూ నమ్మేవాణ్ణి, మాటిమాటికీ పేగుకి క్రిములు తగిలితే తిన్నది ఒంటపట్టదు, అది నిజమే. కానీ బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వేల్లో ఊళ్ళకి ఊళ్ళు పెట్టి చూసేరు, మరుగుదొడ్డి, సబ్బు, నీళ్ళల్లో క్లోరిన్. పిల్లల ఎత్తు పెరగలేదు. అదనపు తిండి ఇచ్చిన చోట కొంచెం పెరిగింది. అయితే అక్కడ కట్టింది గుంట లెట్రిన్లే, పేట మొత్తం డ్రైనేజీ మార్చి చూడలేదు, కాబట్టి మురుగుని వదిలెయ్యమని నా ఉద్దేశం కాదు.

మూడు, ఇంట్లో ఎన్నో బిడ్డ అనేది. సీమా జయచంద్రన్, రోహిణి పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2017లో చూపించేరు, మన దేశంలో మొదటి బిడ్డలు ఆఫ్రికా పిల్లల కంటే పొట్టేం కాదు, రెండో బిడ్డ నుంచి తేడా మొదలై మూడో బిడ్డకి బాగా పెరుగుద్ది. మగబిడ్డ కోసం ఎదురుచూపు దీని వెనకాల ఉందన్నారు. మాస్టారూ, మీ 98 వాడు ఇంట్లో ఎన్నోవాడు?

లంకమాస్టారు
మూడోవాడు. పైన ఇద్దరు అక్కలు. తర్వాత ఇంకో చెల్లి కూడా ఉంది. నాకు ఇది చదివేక చెయ్యి ఆడలేదు.

భీమారం బుల్లోడు
తిండి పెడితే ఎంత పెరుగుద్దండీ అసలు? అంకె చెప్పండి.

లెక్కలపిచ్చి
హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్ళలో 1987-90 మధ్య గర్భిణులకీ చిన్నపిల్లలకీ రోజూ మొక్కజొన్న సోయా పిండితో ఉప్మా పెట్టేరు. ఆ పిల్లలు పదమూడు దాటేక కొలిస్తే, పెట్టని ఊళ్ళ పిల్లల కంటే సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు.

భీమారం బుల్లోడు
మిల్లీమీటర్లా?! ఒక్క వేలి మందం కోసం అన్నేళ్ళు ఉప్మా తిన్నారా పాపం.

సిస్టరమ్మ
నవ్వండి నవ్వండి. అది ఊరు మొత్తం సగటండి, తిన్నవాళ్ళూ తినని వాళ్ళూ కలిపి. పైగా ఎత్తు అనేది బయటికి కనపడే గుర్తు, లోపల మెదడూ అదే టైములో అదే తిండితో పెరుగుద్ది.

కువైట్ నుంచి
నేను రోజూ చదువుతున్నాను, రాయలేదు. ఇక్కడ రాత్రి ఒంటిగంట. నాది సఖినేటిపల్లి వైపు. మా బాబుకి ఎనిమిదో నెల నడుస్తుండగా వచ్చేసాను, పాలు ఎండిపోడానికి బట్ట కట్టుకుని విమానం ఎక్కేను. ఇప్పుడు వాడికి రెండేళ్ళ నాలుగు నెలలు. ఇక్కడ మా మేడం గారి అబ్బాయికీ మా వాడికీ నెల తేడా. వీడికి రోజుకి ఐదు సార్లు నేనే తినిపిస్తాను, కథ చెప్పి, కిటికీలో పిల్లిని చూపించి, ఒక్కో ముద్దకి పావుగంట. వీడు తలుపు పిడి అందుకుంటున్నాడు. మా వాడు వీడియోలో ఇంకా అందుకోలేకపోతున్నాడు. మా అత్తకి మోకాళ్ళ నెప్పులు, ముగ్గురు మనవలు ఆవిడ మీదే, ఏడిస్తే ఐదు రూపాయల ప్యాకెట్టు ఇస్తది, ఆవిణ్ణి అనలేను. డబ్బు నేను పంపుతున్నాను, స్లాబు వేసేం, పాల డబ్బా కొంటున్నారు. సిస్టరమ్మ గారూ ఇప్పుడు బాగుచెయ్యడం అవుద్దా అండి లేకపోతే వెయ్యి రోజులూ అయిపోయాయా?

సిస్టరమ్మ
తల్లీ, అయిపోలేదు. మొదటి రెండేళ్ళంత తేలిక కాదు అంతే. ఐదు దాటేక కోలుకున్న పిల్లల్ని నేను చూసేను. అత్తగారికి మూడు పూటలూ వండే ఓపిక లేదనుకో, రోజుకో గుడ్డు ఉడకబెట్టి చితిపి అన్నంలో కలపమను, పప్పులో ములగాకు, పైన చెంచాడు నూనె. ప్యాకెట్టు డబ్బుకి అరటిపండు వస్తది. నువ్వు వీడియోలో ఉండు వాడు తినేటప్పుడు, ఆ పిల్లి కథ వాడికీ చెప్పు. నిజంగా చెప్తున్నాను, ఎదురుగా ముఖం ఉంటే తింటారు.

లెక్కలపిచ్చి
సిస్టరమ్మ గారి మాటకి లెక్క కూడా ఉంది. యంగ్ లైవ్స్ అని 2002 నుంచి పిల్లల్ని పెద్దయ్యేదాకా వెంబడించి కొలుస్తున్న అధ్యయనంలో మన పశ్చిమగోదావరి కూడా ఉంది. చిన్నప్పుడు గిడసబారిన కొందరు తర్వాత గీత దాటేరు. దాటినవాళ్ళూ ఉన్నారు, కొత్తగా కిందపడ్డవాళ్ళూ ఉన్నారు.

టీచరమ్మ (అంగన్‌వాడీ)
మా సైడు కూడా వినండి. గుడ్లు, పాలు, బాలామృతం అనే పోషకాల పిండి ఇస్తాం. ఇంటికి పట్టుకెళ్ళేక ఆ గుడ్డు ఎవరు తిన్నారో నా యాప్‌లో గడి లేదు. బాలామృతం అట్లు పోసుకుని ఇంటిల్లిపాదీ తింటారు, రుచిగా ఉంటది మరి, నేనూ తిన్నాను ఒకసారి. పిల్లాడికని ఇచ్చింది ఇంటికి పోతే ఇంటిదైపోద్ది, ఆకలున్న ఇంట్లో అది తప్పు కూడా కాదు. సెంటర్లో నా కళ్ళ ముందు తినేది మూడేళ్ళు దాటినోళ్ళు, అసలు తినాల్సింది ఏడాది పిల్లలు, వాళ్ళని ఎవరు ఎత్తుకొస్తారు, అమ్మ పనిలో ఉంటే? తొమ్మిదింటికి తెరుస్తాం, ఆవిడ ఆరింటికే పోయింది.

కొలతల సంగతి కూడా, రెండేళ్ళ లోపు పిల్లల్ని బల్ల మీద పడుకోబెట్టి కొలవాలి, ఇద్దరం పట్టుకోవాలి, ఏడుస్తూ కాళ్ళు ముడుచుకుంటే రెండు సెంటీమీటర్లు తేడా వస్తది. రిజిస్టర్లో అంతా బాగున్న ఊరు కనిపిస్తే అనుమానించండి.

లంకమాస్టారు
రెండు వారాలు కనపడలేదు, స్కూల్ పరీక్షలు. నిన్న ఆ 98 వాడి ఇంటికెళ్ళేను. చివరి పాపకి సరిగ్గా ఏడాది నిండింది. నట్టింట్లో పడుకోబెట్టి వాళ్ళక్క తల పట్టుకుంటే కొలిచేను, 70. చార్టులో ఏడాది ఆడపిల్లకి మధ్య గీత 74, కింద గీత 68.9. ఇంకా పైనే ఉంది. వాళ్ళమ్మ పీలింగ్‌కి పోద్ది, పెద్దక్క నాలుగో తరగతి, అదే పెడుతోంది, నేను వెళ్ళేసరికి పాలల్లో బిస్కెట్టు.

సిస్టరమ్మ
టేపుతో కాదు మాస్టారూ, గురువారం సెంటరుకి తీసుకురండి బల్ల మీద చూద్దాం. గీతకి పైనుంది కాబట్టే ఇప్పుడు పట్టుకోవాలి.

భీమారం బుల్లోడు
మాది గుడ్ల హోల్‌సేల్, ఇంతవరకూ చెప్పలేదు. నెలకో రెండు ట్రేలు పంపుతాను, మాస్టారూ స్కూల్ పేరు మెసేజ్ పెట్టండి.

టీచరమ్మ
ట్రే ఇంటికి పంపొద్దు బాబూ, పైన రాసింది చదివేరా? రోజుకొకటి, మా కళ్ళ ముందు.

లంకమాస్టారు
పెద్దక్కని అడిగేను, స్కూలుకొచ్చేటప్పుడు చెల్లిని ఎత్తుకురా, ఇంటర్వెల్లో ఇక్కడే తినిపిద్దాం అని. సరే అంది. సోమవారం నుంచి శనివారం దాకా తేలింది. ఆదివారం ఎవరు ఉడకబెడతారో అదొక్కటే తేలలేదు, వాళ్ళమ్మకి ఆదివారమే షెడ్డులో ఓవర్‌టైం అంట.